సైకిళ్లు దిగిన లోయ నుంచి ఎడారి దాకా

శుక్రవారం సాయంత్రం, టిహువానా నది లోయ

శాన్ డియాగోకి దక్షిణం కొసన, సరిగ్గా మెక్సికో గోడ కింద ఒక లోయ ఉంది. గుర్రాల కొట్టాలు, కూరగాయల మడులు, మనిషెత్తు రెల్లు దుబ్బులు, వాటి మధ్య మట్టి బాటలు. నేల అమెరికాది, నీళ్లు మెక్సికోవి. టిహువానా నది గోడ అవతలి టిహువానా నగరం మురుగంతా మోసుకుని ఉత్తరానికి వచ్చి, ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. కారు లోయలోకి తిరగ్గానే మా బావ ఏసీని లోపలిగాలికి మార్చేశాడు. "ఇంక అద్దం దించొద్దు" అన్నాడు. నేను దించాను. వెంటనే ఎక్కించాను.

బావ ఈ ఊరొచ్చిన కొత్తలో శనాదివారాలు ఇక్కడే సైకిల్ తొక్కేవాడు. ఆ వాసనకే మానేశాడు. పక్కనే ఉన్న ఇంపీరియల్ బీచ్‌లో దక్షిణం వైపు నీళ్లలోకి దిగొద్దని 2021 డిసెంబరులో బోర్డు పెట్టారు. మేం వెళ్లేనాటికీ అది అలాగే ఉంది. సముద్రం ఎదురుగా ఇల్లు కొనుక్కున్నవాళ్లు కిటికీలు మూసుకుని బతుకుతున్నారు.

అయినా నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది బావ చెప్పిన సైకిళ్ల కథే. 2008 ప్రాంతాల్లో ఈ రెల్లు దుబ్బుల్లో తెల్లారేసరికి సైకిళ్లు పడి ఉండేవట. ఒకటీ రెండూ కాదు, మొత్తం మీద 7,000 దాకా ఉంటాయని ఒక లెక్క. టిహువానా వైపు గుట్టల మీద నుంచి, దొంగదారిన సరిహద్దు దాటించే ఏజెంట్లు మనుషుల్ని సైకిళ్లెక్కించి లోయలోకి వదిలేవాళ్లు. గోడ దాటి కాలినడకన, దాక్కుంటూ ఈ లోయ దాటాలంటే రాత్రంతా పడుతుంది. సైకిల్ మీద అయితే పావుగంట. పైగా ఇక్కడి బాటల మీద ఆటవిడుపుకి సైకిల్ తొక్కేవాళ్లు మామూలే కాబట్టి, దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు. అవతల కారు దొరకగానే సైకిల్ అక్కడే పారేసి ఎక్కేయడమే.

ఒక గుర్రాల కొట్టం దగ్గర ఆగాం. కొట్టం చూసుకునే పెద్దావిడ గుర్రానికి గిట్టలు గీకుతోంది. బావకి ఆమె ముఖపరిచయం. సైకిళ్ల సంగతి అడిగితే తల ఎత్తకుండానే, "మా మనవరాళ్లందరూ వాటి మీదే నేర్చుకున్నారు" అంది. చిన్నపిల్లల సైకిళ్లు, గులాబీ రంగువి, హ్యాండిల్‌కి రిబ్బన్లు వేలాడేవి కూడా దొరికేవట. పెద్ద మగాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా వాటి మీదే దిగివచ్చారన్నమాట. చాలా సైకిళ్ల మీద అమెరికా దుకాణాల స్టిక్కర్లే ఉండేవని చెప్పింది. ఇక్కడ పాతబడ్డవి టిహువానా సంతలకి చేరి, అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి దిగాయి. వాటిలో కొన్ని చివరికి అమెరికా సైన్యం శిక్షణ కోసం వేసిన ఇరాక్ పల్లెల సెట్టింగుల్లో తేలాయి. వీధి నిజంగా కనబడాలంటే గోడకి ఆనించిన పాత సైకిళ్లు కావాలి కదా.

చీకటి పడకముందు గోడ దాకా వెళ్లాం. స్మగ్లర్స్ గల్చ్ అని లోయ నుంచి మెక్సికోలోకి పోయే ఒక కనుమ ఉండేది. ఇప్పుడు అక్కడ కనుమ లేదు. రెండు పక్కల గుట్టలూ తవ్వి, ఆ మట్టితోనే పూడ్చేసి, పైన గోడా రోడ్డూ వేశారు. మట్టికట్ట మీద సరిహద్దు గస్తీ బండి ఒకటి ఇంజిను ఆపకుండా నిలబడి ఉంది. మేం తిరిగొచ్చేదాకా అది కదల్లేదు.

రాత్రి భోజనం బావ ఇంట్లో, పప్పుచారు. అక్కా పిల్లలూ అప్పటికే అరిజోనాలోని చాండ్లర్‌లో మా ఇంటికి వెళ్లిపోయారు కాబట్టి పప్పుచారు బావ పెట్టాడు. ఉప్పు తక్కువ.

శనివారం, గేటుకి ఇవతల

పొద్దున్నే బోర్డర్ ఫీల్డ్ పార్కుకి బయల్దేరాం. అమెరికా ప్రధాన భూభాగానికి నైరుతి మూల అది. 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ భార్య వచ్చి ఆ పార్కుని ప్రారంభించింది. కంచె అవతలి వాళ్లకి చేతులు అందించి మాట్లాడింది. తర్వాత అదే చోట కంచెకి ఇనప జల్లెడ బిగించారు. విడిపోయిన కుటుంబాలు వారాంతాల్లో వచ్చి చిటికెన వేళ్ల కొసలు తాకించుకునేవాళ్లు. 2020లో అమెరికా వైపు అదీ మూసేశారు. ఇప్పుడు ముప్ఫై అడుగుల గోడ లేచింది.

మేం గూగుల్ మ్యాప్ నమ్ముకుని వెళ్తే రోడ్డు నీళ్లలో ఉంది. వర్షం పడి వారం దాటినా ఇంకిపోలేదు. నీళ్ల రంగు చూసి నడిచి వెళ్దామన్న మాట ఎవరమూ ఎత్తలేదు. వెనక్కి తిప్పబోయి ఒక పొలం బాటలో ఇరుక్కున్నాం. ట్రాక్టర్ మీదున్న కుర్రాడు చెయ్యి చూపించి, చూపించి, చివరికి దిగివచ్చి మమ్మల్ని బయటికి నడిపించాడు. ఆ మూలని చూడాలంటే మెక్సికో వెళ్లి చూడడమే మేలని అప్పుడు తేలింది.

ఇక్కడ బావ ఫైలు సంగతి చెప్పాలి. నాది గ్రీన్ కార్డు, బావది హెచ్1బి ఉద్యోగ వీసా. స్టాంపింగ్ ఉంది, గడువూ ఉంది, ఉద్యోగమూ ఉంది. అయినా 2025 మార్చి కదా. ఫిబ్రవరి 5న చేతులకి సంకెళ్లతో 104 మంది భారతీయుల్ని సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపిన వార్త అప్పటికి అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. బావ ఒక పారదర్శక ప్లాస్టిక్ ఫైలులో ఐ-797 అనే ఆమోదపత్రం, మూడు నెలల పే స్లిప్పులు, కంపెనీ ఉత్తరం, పెళ్లి సర్టిఫికెట్, చివరికి డిగ్రీ మార్కుల లిస్టు కూడా పెట్టుకున్నాడు. "పెళ్లి సర్టిఫికెట్ ఎందుకు బావా, అక్క రావట్లేదు కదా" అంటే, "అడిగితే?" అన్నాడు. వాదించి లాభం లేదు.

ట్రాలీ స్టేషన్లో కారు పెట్టి రెండున్నర డాలర్లకి సరిహద్దు గేటు ఉన్న శాన్ ఇసిడ్రో చేరాం. అవతలికి వెళ్లడానికి పట్టింది పది నిమిషాలు. మెక్సికో ఆఫీసరు పాస్‌పోర్టు చూసి ముద్ర కొట్టి "బ్యెన్‌వెనిదోస్" అన్నాడు. వచ్చేటప్పటి సంగతి తర్వాత చెబుతాను.

శనివారం, టిహువానా

ప్లాయాస్ అనే సముద్రతీరపు పేటకి టాక్సీ మాట్లాడుకున్నాం. అమెరికా వైపు మురుగూ తాళమూ ఉన్న మూల, ఈ వైపు తిరునాళ్ల. గోడ ఇనప కడ్డీలు ఇసుక మీదుగా నేరుగా అలల్లోకి దిగిపోయాయి. కడ్డీల మీద బొమ్మలు, పేర్లు. పక్కన బుల్‌రింగు, దీపస్తంభం, కొబ్బరిబొండాల బండి, అకార్డియన్ వాయించే ముసలాయన. పిల్లలు బంతి ఆడుతుంటే బంతి వెళ్లి గోడకి కొట్టుకుని వస్తోంది. 258వ నంబరు సరిహద్దు రాయి కూడా ఇక్కడే ఉంది. 1851లో, గోడ అన్న ఊహే లేనప్పుడు, ఈ దేశం ఇక్కడితో అయిపోయిందని చెప్పడానికి ఆ రాయి ఒక్కటే సరిపోయింది.

మధ్యాహ్నం ఆకలి. శనివారం బావ నీచు ముట్టడు. టిహువానాలో శనివారం పూట శాకాహారం వెతకడం కంటే దాక్కుని సరిహద్దు దాటడమే తేలికేమో అనిపించింది. బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి నీళ్లు. హిడాల్గో మార్కెట్‌కి వెళ్లాక దారి దొరికింది. అక్కడ ఒకావిడ చిన్న పీట మీద కూర్చుని నాగజెముడు మట్టలు శుభ్రం చేస్తోంది. మట్టని ఎడమ చేతి మీద పరుచుకుని, కత్తిని వాలుగా పెట్టి, పొలుసు గీకినట్టు ముళ్ల కణుపులు ఒక్కొక్కటీ లేపేస్తోంది. చేతికి తొడుగు లేదు. అంచు చుట్టూ సన్నగా కోసేసి, కడగకుండానే కుప్పలోకి విసురుతోంది. ఒక్కోదానికి అర నిమిషం పట్టలేదు. అనంతపురంలో మా చేను చుట్టూ కంచె ఈ నాగజెముడే. చిన్నప్పుడు దాని పళ్లు తిని పెదాలు ఎర్రగా చేసుకోవడమే తప్ప, మట్ట తినొచ్చని ఎవరూ చెప్పలేదు.

పెనం మీద మట్ట కాల్చి, జున్ను వేసి, మొక్కజొన్న రొట్టెలో చుట్టి ఇచ్చారు. కొంచెం జిగురు, కొంచెం పులుపు. బెండకాయ తిన్నవాడికి ఇబ్బంది లేదు. బావ నాలుగు తిన్నాడు. నేను మటుకు అడోబాడా టాకోల బండి దగ్గరికి పోయాను. నిలువు కడ్డీకి గుచ్చిన మాంసం నిప్పుల ముందు తిరుగుతుంటే చెక్కి వేస్తాడు. పైన అవకాడో ముద్ద, ఉల్లిపాయ, కొత్తిమీర. ఒక్కోటి నలభై పెసోలు, అంటే రెండు డాలర్లు. తాగడానికి చింతపండు పానకం. తినేంతసేపూ బావ ఫైలు చంకలోనే ఉంది.

అక్కడి మర్యాద ఒకటి నచ్చింది. పక్క బల్ల మీద తింటున్నవాళ్లు లేచి వెళ్తూ, మనమెవరో తెలియకపోయినా "ప్రొవేచో" అంటారు, తృప్తిగా తినండి అని. మేమూ అనడం మొదలుపెట్టాం. ఒకసారి ఇంకా ఆర్డరే రాని వాళ్లకి కూడా అనేశాం.

పాత సామాన్ల సంత ఒకటి వీధి పొడుగునా పరిచి ఉంది. అమెరికా గరాజుల్లో వద్దనుకున్నదంతా ఇక్కడ కనబడుతుంది: మిక్సీలు, బేబీ కారు సీట్లు, స్కీయింగ్ బూట్లు. ఆ చివర ఒక సైకిల్ మెకానిక్. చక్రాన్ని తలకిందుల సైకిల్‌కే బిగించి, బొటనవేలి గోరుని రిమ్ముకి ఆనించి తిప్పుతున్నాడు. గోరు ఎక్కడ టిక్కుమంటే అక్కడ ఊచ బిగిస్తున్నాడు. బావకి వచ్చిన కొద్దిపాటి స్పానిష్‌తో మాట కలిపాడు. కాసేపు ధరల గురించి, తర్వాత మెల్లిగా ఆ రోజుల గురించి.

ఆయన నవ్వాడు. "అప్పుడు ఏం పెట్టినా అమ్ముడుపోయేది. గేర్లు పనిచేస్తాయా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు, అంతా దిగుడే కదా. బ్రేకు మాత్రం నొక్కి చూసుకునేవాళ్లు." ఎవరు కొనేవాళ్లని అడిగితే పానా తీసుకుని మళ్లీ చక్రం వైపు తిరిగాడు. ఆ ప్రశ్న అడగకూడదని అర్థమైంది. ఒక బెల్లు కొన్నాం, ముప్ఫై పెసోలు.

శనివారం సాయంత్రం, తిరుగు క్యూ

వచ్చేటప్పుడు క్యూ రెండు గంటల పైనే. శాన్ ఇసిడ్రో పశ్చిమార్ధగోళం మొత్తానికే ఎక్కువ రద్దీ ఉన్న భూసరిహద్దు అంటారు. రోజూ ఇరవై వేల మంది దాకా నడిచి దాటుతారు. పుస్తకాలు చదువుకునే స్కూలు పిల్లలు, నర్సు బట్టల్లో ఉన్నవాళ్లు, కొత్త పళ్లసెట్టు పెట్టించుకుని నోరు తడుముకుంటున్న ముసలి అమెరికన్లు. చుర్రోలు, టమాలేలు, చార్జర్లు, రోసరీలు క్యూ వెంటే నడుస్తూ అమ్ముతారు.

ఈ క్యూలోనే సైకిల్ ఇంకో అవతారం ఎత్తింది. 2001 సెప్టెంబరు 11 తర్వాత తనిఖీలు పెరిగి నడిచేవాళ్ల వరస గంటల్లోకి పోయింది. సైకిలు మీద వచ్చేవాళ్లని మాత్రం వేరే దారిన పంపేవాళ్లు. ఇంకేముంది, గేటుకి ముందు సైకిళ్లు అద్దెకిచ్చే కుర్రాళ్లు పుట్టుకొచ్చారు. కొన్ని డాలర్లు చేతిలో పెట్టి, సూటు వేసుకున్నవాళ్లు, హైహీల్స్ వేసుకున్నవాళ్లు ఎక్కేవాళ్లు. తొక్కడం రాకపోతే నడిపించుకుంటూ పోవచ్చు. గేటు దాటగానే అవతల ఇంకొకడు నిలబడి సైకిల్ వెనక్కి తీసుకునేవాడు. వాళ్లందరి దగ్గరా కాగితాలున్నాయి, లేనిది టైమే.

ఇలాంటిదే 2015లో ఎడారికి పూర్తిగా ఎదురు కొసన, నార్వేకీ రష్యాకీ మధ్య స్తోర్‌స్కోగ్ దగ్గర జరిగింది. రష్యా వైపు ఆ గేటు నడిచి దాటకూడదని రూలు. పత్రాలు లేనివాళ్లని కార్లో తెస్తే నార్వే వైపు డ్రైవర్ మీద కేసు. నడకా కాదు, కారూ కాదు అంటే మిగిలింది సైకిల్. సిరియా నుంచి వచ్చినవాళ్లూ ఇంకా ఎందరో, 5,000 మందికి పైగా, మంచులో పిల్లల సైకిళ్లు తొక్కుకుంటూ ఆ కొద్ది దూరం దాటారు. ఆ సైకిళ్లు నార్వే ప్రమాణాలకి సరిపోవని చెప్పి తుక్కు కింద పంపేశారు.

నాకైతే ఈ మూడు చోట్లా ఒకటే కనబడింది. నిజానికి వాళ్లని దాటించింది సైకిల్ కాదు. ఎక్కడో ఒక రూలు రాసినవాడు సైకిల్‌ని మర్చిపోయాడు, లేదా చూసేవాడు సైకిల్ మీదున్న మనిషిని అనుమానించలేదు. ఆ మరుపు ఉన్నన్నాళ్లే ఆ దారి. లోయలో కనుమ పూడ్చారు, కెమెరాలు పెట్టారు, ఆట అయిపోయింది. ఇప్పుడు ఈ గేటు దగ్గర సైకిల్‌వాళ్లూ మా వెనకే వరసలో నిలబడ్డారు.

మా వంతు వచ్చింది. నా కార్డు చూసి పంపేశారు. బావ ఫైలు తీసి, క్లిప్పు విప్పి, కాగితాలు సర్దుకుంటుంటే ఆఫీసరు పాస్‌పోర్టు ఒక్కటే అడిగాడు. కెమెరా వైపు చూడమన్నాడు. "ఏం తెస్తున్నారు?" "చింతపండు ఉండలు." "ఓకే." అంతే. బావ ట్రాలీ ఎక్కేదాకా నమ్మలేదు.

ఆదివారం, హకుంబా

తూర్పు వైపు 8వ నంబరు హైవే ఎక్కితే గంటలో సముద్రపు గాలి పోయి రాళ్లగుట్టలు వస్తాయి. ఏనుగంత బండలు ఒకదాని మీద ఒకటి. అక్కడ పెరిగే ప్రతి మొక్కకీ ముల్లుంది.

ఇటువైపు జనం రావడానికి కారణం ఆ లోయే. 1994 అక్టోబరు 1న ఆపరేషన్ గేట్‌కీపర్ మొదలుపెట్టి, సముద్రం నుంచి లోపలికి 14 మైళ్ల మేర గస్తీ, లైట్లు, కంచె బిగించారు. వియత్నాం యుద్ధకాలంలో విమానాలు దిగడానికి నేల మీద పరిచిన ఇనప పలకలే అక్కడి కంచె. ఊరి పక్కన పరిగెత్తి దాటేవాళ్లు కొండలకీ ఎడారికీ మళ్లారు. ఎడారిని చూసి జంకి ఆగిపోతారని లెక్క వేశారు. ఆగలేదు, చావులు పెరిగాయి. ఇసుకలో, బండల్లో సైకిల్ నడవదు. గ్యాలన్ నీళ్ల డబ్బా మోసుకుని నడవడమే.

హకుంబా ఊరంతా కలిపి ఒకే వీధి. వేడినీటి బుగ్గ ఉన్న ఒక హోటల్, ఒక దుకాణం, గాలి. ఊరి నుంచి గోడ కనబడుతూనే ఉంటుంది. బండల గుట్ట రాగానే గోడ ఆగిపోతుంది, అవతల మళ్లీ మొదలవుతుంది. 2023లో ఆ సందుల్లోంచి వచ్చినవాళ్లని ఇక్కడే ఆరుబయట, గుడారం కూడా లేకుండా రోజుల తరబడి కూర్చోబెట్టారు. దాదాపు 2,800 అడుగుల ఎత్తు, రాత్రి చలి వణికిస్తుంది. చెట్టుకొమ్మలు విరిచి మంట వేసుకునేవాళ్లు. అలా ఉంచిన పిల్లలు ప్రభుత్వ కస్టడీలో ఉన్నట్టే లెక్క అని 2024 ఏప్రిల్‌లో కోర్టు చెప్పాల్సి వచ్చింది.

దుకాణం బయట కాఫీ తాగుతుంటే ఒక ఆవిడ మా పక్కన కూర్చుంది, అరవై దాటి ఉంటాయి. ఎక్కడివాళ్లమని అడిగి, ఇండియా అనగానే లేచి ట్రక్కులోంచి ఒక అట్టముక్క తెచ్చింది. ఆ రోజుల్లో ఇంట్లో పెద్ద గిన్నెడు పప్పుసూప్ కాచి తీసుకెళ్లేదట. అట్టముక్క మీద చైనీస్‌లో, టర్కిష్‌లో, స్పానిష్‌లో "వేడి సూప్, మాంసం లేదు" అని రాసి ఉంది. చివర హిందీలో. "ఇది సరిగ్గా ఉందా? పంజాబీ కుర్రాడొకడు రాసిచ్చాడు, ఎవరికీ చూపించి అడగలేదు" అంది. స్కూల్లో చదువుకున్న హిందీతో కూడబలుక్కుని చదివాను. సరిగ్గానే ఉంది. మాంసం లేదని రాయమన్నది ఆ కుర్రాడేనట. లేకపోతే మనవాళ్లు సగం మంది ఆకలితోనే కూర్చునేవాళ్లని చెప్పాడట.

2022 అక్టోబరు నుంచి 2023 సెప్టెంబరు మధ్య అమెరికా సరిహద్దుల్లో పట్టుబడ్డ భారతీయులు 96,917 మంది. మెక్సికో వైపు నుంచి వచ్చింది అందులో నలభై వేల పైచిలుకు. పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లే ఎక్కువ. పొలం అమ్మి, అప్పులు చేసి, డంకీ, అంటే దొంగదారి, ఏజెంట్లకి లక్షలు పోసి, అడవులూ దేశాలూ దాటి ఈ బండల దాకా వస్తారు. మన తెలుగువాళ్ల దారి వేరు, కన్సల్టెన్సీ, ఐ-20 అనే కాలేజీ ప్రవేశపత్రం, హెచ్1బి లాటరీ. అప్పు మాత్రం రెండు దారుల్లోనూ ఉంది. బావ ఈ మాటకి ఏమీ అనలేదు. ఎమ్మెస్ అప్పు తీర్చడానికి ఆయనకి ఆరేళ్లు పట్టింది.

ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. గోడకి కొత్తగా ముళ్లతీగ చుట్టలు బిగించారు. నేల మీద టూత్‌బ్రష్‌లు, ఒంటి చెప్పు, ఎండకి పెళుసెక్కిన నీళ్ల సీసాలు.

ఆదివారం మధ్యాహ్నం, ఎల్ సెంట్రో

కొండ దిగగానే చెవులు మూసుకుపోయాయి. ఎల్ సెంట్రో సముద్రమట్టానికి దాదాపు 40 అడుగుల దిగువన ఉంది. ఎడారి మధ్యలో కొలరాడో నది నీళ్లతో లెట్యూస్, క్యారెట్, అల్ఫాల్ఫా. దారిలో ఖర్జూరం షేక్ తాగాం. ఎంత చిక్కగా ఉందంటే స్ట్రా నిలబడింది.

ఈ పొలాల్లో వందేళ్ల కిందే పంజాబీలు దిగారు. 1913లో కాలిఫోర్నియా, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని చట్టం చేసింది. 1917 చట్టంతో కొత్తవాళ్లు రావడానికే లేకుండా పోయింది. 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికే పనికిరారంది, దాంతో ఆ భూమి చట్టం వాళ్లకీ చుట్టుకుంది. ఆ తర్వాత మెక్సికో మీదుగా, రాత్రిపూట దాటి వచ్చినవాళ్లు ఉన్నారు. ఊరి నుంచి ఆడవాళ్లని తెచ్చుకునే వీల్లేక చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్లాడారు. వధూవరులిద్దరి రంగూ ఒకటేనని గుమాస్తా రాసుకుంటే లైసెన్సు వచ్చేది. అలా మూడు వందల పైచిలుకు కుటుంబాలు. రొట్టీ, తోర్తియా ఒకే పెనం మీద.

ఈ లోయ పంజాబీల్లోంచి వచ్చినవాడే దలీప్ సింగ్ సౌంద్. ఈ లోయలోని వెస్ట్‌మోర్లాండ్‌లో సేద్యం, ఎరువుల వ్యాపారం చేశాడు. 1946లో చట్టం మారాక పౌరసత్వం తీసుకుని, 1956 ఎన్నికల్లో గెలిచి అమెరికా కాంగ్రెస్‌కి వెళ్లిన మొదటి ఆసియా సంతతి మనిషి అయ్యాడు. ఎల్ సెంట్రో గురుద్వారాకి వెళ్తే తాళం వేసి ఉంది. లంగర్‌లో తిందామని పొద్దున్నుంచి కడుపు ఖాళీగా ఉంచుకున్న బావ ముఖం చూడాలి.

ఆదివారం సాయంత్రం, మెహికాలి

"ఒక్కసారి చాలు" అని బావ సరిహద్దుకి ఇవతలి ఊరు కలెక్సికోలోనే పిజ్జా తింటూ ఉండిపోయాడు. నేనొక్కణ్నే దాటాను. గేటు దాటగానే చైనా పగోడా ఒకటి ఎదురవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడి పత్తి చేలల్లో పనికి చైనావాళ్లని తెచ్చారు. 1882 చట్టంతో అమెరికా చైనావాళ్లకి తలుపు మూసేసింది కదా, ఈ వైపు ఆగిపోయారు. లా చినెస్కా అని వాళ్ల పేట. ఎండ తట్టుకోలేక నేలమాళిగల్లో బతికారు. ఊరికి దక్షిణాన, సాన్ ఫెలిపే వెళ్లే దారిలో ఎల్ చినేరో అని ఒక గుట్ట ఉంది. 1902లో పడవ దిగి పని కోసం మెహికాలికి ఎడారి మీదుగా నడుస్తూ దాహంతో చచ్చిపోయిన చైనా కూలీల వల్ల వచ్చిన పేరది.

హోటల్లో ఫ్రైడ్ రైస్ అడిగితే ఇద్దరికి సరిపడా తెచ్చారు. పక్కన సోయాసాస్‌లో వేయించిన పచ్చ మిరపకాయలు, మన మజ్జిగ మిరపకాయల స్థానంలో. వడ్డించినాయన ముఖం చైనీస్, మాట స్పానిష్. నేను మిరపకాయలు రెండో గిన్నె అడిగితే వంటింట్లోకి కేకేసి చెప్పాడు. ఇద్దరు బయటికి వచ్చి చూసిపోయారు. మొత్తం 260 పెసోలు, టిప్పు కాకుండా.

సోమవారం, హోల్ట్‌విల్ నుంచి తూర్పుకి

హోల్ట్‌విల్ తనని తాను ప్రపంచ క్యారెట్ రాజధాని అని చెప్పుకుంటుంది. ఊరి శ్మశానం ముందు భాగం పచ్చటి గడ్డి, పాలరాళ్లు. వెనక భాగం ఒట్టి మట్టి. అక్కడ ఇటుకంత గుర్తులు వరసలుగా ఉన్నాయి. చాలా వాటి మీద "జాన్ డో", "జేన్ డో" అని ఉంది, అంటే పేరు తెలియని మగ, పేరు తెలియని ఆడ. ఎడారిలోనూ, ఆల్ అమెరికన్ కాలువలోనూ దొరికినవాళ్లు. 80 మైళ్ల ఆ కాలువ పైకి నిదానంగా కనబడుతుంది గానీ ఒడ్డు జారుడు, లోపల ఒరవడి. అందులో ఇప్పటిదాకా 500 మందికి పైగా మునిగిపోయారు. వెనక భాగంలోకి మమ్మల్ని వెళ్లనివ్వలేదు, కంచె దగ్గర్నుంచే చూశాం. నీళ్లు పెడుతున్న పనివాడు మాత్రం గొట్టం ఆపి, టోపీ తీసి, మేం కదిలేదాకా అలాగే నిలబడ్డాడు. మేం చనిపోయిన వాళ్ల తాలూకు అనుకున్నాడేమో. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

2019 జూన్‌లో ఆరేళ్ల పంజాబీ పాప ఒకటి అరిజోనా ఎడారిలో ఎండకి చనిపోయింది. తల్లి నీళ్లు వెతకడానికి వెళ్లింది. బావ కూతురికి ఇప్పుడు ఏడు. ఆ వార్త నేను కారులో చెప్పి ఉండాల్సింది కాదు.

ఇసుకదిబ్బల దగ్గర ఆగాం. గాలికి దిబ్బలు కదులుతాయి కాబట్టి ఇక్కడ గోడకి పునాది ఉండదు, ఇసుక మీదే కూర్చోబెట్టారు. ఇసుక కప్పేస్తే యంత్రాలతో ఎత్తి మళ్లీ పైన పెడతారు. రెండో పక్క దిబ్బల మీద పిల్లలు మోటారు బళ్లేసుకుని ఎగురుతున్నారు. చిప్స్ తిందామంటే పంటి కింద ఇసుక.

యూమా దాటాక హైవే మీదే గస్తీ చెక్‌పోస్టు. వరస నెమ్మదిగా కదులుతోంది. మా ముందున్న క్యాంపింగ్ వ్యాను వెనకాల నాలుగు సైకిళ్లు కట్టి ఉన్నాయి, ఒకటి గులాబీ రంగుది. దాన్ని ఆపకుండానే చెయ్యి ఊపి పంపేశారు. మమ్మల్ని ఆపి పౌరులేనా అని అడిగారు. కాదన్నాం. నా కార్డు, బావ పాస్‌పోర్టు, కుక్క కారు చుట్టూ ఒక రౌండు. బావ ఫైలు తెరిచి ఐ-797 చూపించబోతే ఆ కుర్ర ఆఫీసరు చూసి, "మీ దగ్గర నాకంటే ఎక్కువ కాగితాలున్నాయి" అని నవ్వేశాడు. బావ మాత్రం నవ్వలేదు. "వాడికేం, వాడు నవ్వుతాడు" అని గిలా బెండ్ దాకా గొణుగుతూనే ఉన్నాడు. అక్కడ పెట్రోలు కొట్టించుకుని, అక్కకి ఫోన్ చేసి అన్నం పెట్టమన్నాం.